బొంత పరిచర్య: మెన్నోనైట్ స్త్రీల సూదిపనిపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

యొప్పేలో తబితా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె తమకు కుట్టి ఇచ్చిన వస్త్రములే (అపొ. 9:36-42). గ్రీకు మూలములో “శిష్యురాలు” అను స్త్రీలింగ పదము క్రొత్త నిబంధన అంతటిలో ఈ ఒక్క చోటనే కనిపిస్తుంది. ఆ పేరు పొందిన స్త్రీ ప్రసంగించినట్లు లూకా వ్రాయలేదు. ఆమె కుట్టినట్లు వ్రాశాడు. అయినను మన సంఘ చరిత్రలలో మిషనరీలకు, ప్రసంగీకులకు, పాఠశాలలు కట్టినవారికి అధ్యాయములు ఉన్నాయి గాని, సూది పట్టినవారికి ఒక పేరా కూడ దొరకదు. ఈ కొరతను కొంత తీర్చు ఉద్దేశముతో, ఉత్తర అమెరికా మెన్నోనైట్ స్త్రీలు చేతితో కుట్టి దానమిచ్చిన బొంతల చరిత్రను ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము. ఈ చరిత్ర మన నల్గొండను కూడ తాకి వెళ్తుంది గనుక ఇది మనకు పరాయి కథ కాదు.

బొంత, దాని రకములు

మన ఇండ్లలో పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి పెద్ద సూదితో కుట్టిన దానిని బొంత అంటాము. మెన్నోనైట్ స్త్రీలు చేసేది కూడ మూలములో ఇదే. పైన రంగురంగుల గుడ్డముక్కలు జోడించిన పొర, మధ్య దూది లేక పాత దుప్పటి, అడుగున ఒక గుడ్డ. ఈ మూడింటిని కలిపి కట్టడమే పని. అయితే వారి మధ్య రెండు రకములు ఉన్నాయి. మొదటిది సన్నని కుట్లతో పూవులు, నక్షత్రములు తేల్చే క్విల్టు. దీనికి నెలలు పడుతుంది. రెండవది కంఫర్టర్. దీనిలో మూడు పొరలను అక్కడక్కడ నూలుతోనో ఉన్నితోనో గుచ్చి ముడివేస్తారు. కొందరు కలిసి కూర్చుంటే ఒక్క రోజులో ముగించవచ్చు.

ఈ భేదము దానములోను కనిపిస్తుంది. 1950ల దశకము నుండి సహాయ నిధి కొరకు జరిగే వేలములలో సన్నని కుట్టు క్విల్టులు అమ్ముడుపోయి ధనముగా మారాయి. ముడివేసిన మోటు కంఫర్టర్లు మాత్రము ఓడలెక్కి శరణార్థుల భుజములమీదికి చేరాయి. అందమైనది డబ్బు తెచ్చింది, మోటుది చలి ఆపింది.

నల్గొండ నుండి ఖోర్టిట్సా వరకు

1890లో నల్గొండలో పరిచర్య ఆరంభించిన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు అమెరికా బాప్తిస్టు మిషను క్రింద పనిచేసినను, వారు వచ్చినది రష్యా సామ్రాజ్యములోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘముల నుండి. నేటి ఉక్రెయిన్ దేశములో గోధుమ పండించిన ఆ గ్రామముల కానుకలే తెలుగు నేలపై ఆ పనికి ఆధారమయ్యాయి. 1899లో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు వచ్చారు. మహబూబ్‌నగర్ ప్రాంతములో విస్తరించిన సంఘములకు అది నాంది.

మనకు కానుకలు పంపిన ఆ గ్రామములే ముప్పది సంవత్సరములు తిరుగకముందే ఆకలితో అలమటించాయి. ప్రపంచ యుద్ధము, విప్లవము, అంతర్యుద్ధము, ధాన్యపు బలవంతపు వసూళ్లు, ఆపైన అనావృష్టి వారిని నేలకు దించాయి. వారిని ఆదుకొనుటకే 1920 జూలైలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రపు ఎల్కార్ట్ పట్టణములో వివిధ మెన్నోనైట్ శాఖలు కూడి మెన్నోనైట్ సెంట్రల్ కమిటీని ఏర్పరచాయి. 1922 మార్చిలో ఖోర్టిట్సాలో వంటశాల తెరిచారు. ఆ సంవత్సరము ఆగస్టు నాటికి రోజుకు సుమారు 40,000 మందికి అన్నము పెట్టారు. అన్నముతోబాటు వస్త్రములూ వెళ్లాయి. ఆ వస్త్రముల వెనుక స్త్రీల కుట్టు సమాజములు ఉన్నాయి.

చేతులకు గౌరవము, మాటకు కాదు

ఈ సమాజములు 19వ శతాబ్దపు చివరి నుండే పెన్సిల్వేనియా మొదలైన చోట్ల మొదలయ్యాయి. 1910ల దశకములో క్లారా ఈబీ స్టైనర్ అను సోదరి వీటిని ఒక్కటిగా కూర్చి, స్త్రీలే నడిపే మిషనెరీ సమాజముగా తీర్చిదిద్దింది. వారు నిధులు సేకరించారు, ఖర్చును వారే నిర్ణయించారు. ఇది పెద్దలకు రుచించలేదు. 1920ల చివరికి పురుషుల మిషను బోర్డు ఆ సమాజపు పనిని తన అధీనములోనికి తీసుకొన్నది. స్త్రీలకు కుట్టుపని కమిటీ మాత్రమే మిగిలింది. “మీరు కుట్టండి, మేము నిర్ణయిస్తాము” అన్నదే ఆ మార్పులోని భావము. బొంతల చరిత్రను కేవలము తియ్యని కథగా చెప్పువారు ఈ పేజీని దాటవేస్తారు. మేము దాటవేయలేము, ఎందుకంటే మన స్త్రీల సమాజములలోను పిండివంటలు, కానుకల సేకరణ స్త్రీలవి, తీర్మానపు పుస్తకము పురుషులది.

యుద్ధానంతర శరణార్థులు

రెండవ ప్రపంచ యుద్ధపు చివరి దినములలో ఉక్రెయిన్ మెన్నోనైట్లు వేలాదిగా పడమరకు పారిపోయారు. వారిలో పెక్కుమంది బలవంతముగా సోవియట్ దేశమునకు తిరిగి పంపబడ్డారు. కొందరు నెదర్లాండ్స్ చేరారు. అక్కడ ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు పాదిరి భార్య ఆన్ కూనింగ్-టిఖెలార్, యుద్ధకాలములో యూదులను, ఆకలిగొన్న పిల్లలను తమ ఇంట దాచి కాపాడిన స్త్రీ, ఈ శరణార్థులకును తలుపు తెరిచింది. అమెరికా, కెనడా స్త్రీలు కుట్టిన బొంతలు ఆ ఇంటికి చేరి వారికి పడకలయ్యాయి. 1947 ఫిబ్రవరిలో ఫోలెండామ్ అను ఓడ 2,303 మంది మెన్నోనైట్ శరణార్థులను పరాగ్వేకు చేర్చుటకు బయలుదేరింది.

శరణార్థులు వెళ్లిపోయాక కూడ ఆ ఇంట కొన్ని బొంతలు మిగిలాయి. దశాబ్దముల తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లో స్థిరపడిన లిన్ కప్లానియన్-బుల్లర్ అను అమెరికా స్త్రీ వాటిని చూసి, తన సొంత సంఘపు తల్లులు కుట్టిన పనిని గుర్తుపట్టింది. ఆ ఇద్దరు స్త్రీలు కలిసి వ్రాసిన పుస్తకము 2005లో వెలువడింది. కుట్టినవారి పేర్లు చాలా వరకు పోయాయి. కుట్లు మాత్రము నిలిచాయి.

ఇచ్చుట, పుచ్చుకొనుట

ఇక్కడ మా అనుభవము ఒకటి చెప్పుట అవసరము. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర వరదలు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలను ముంచినప్పుడు, మేము ఒక పట్టణ సంఘము సేకరించిన బట్టల మూటలతో ఒక గ్రామమునకు వెళ్లాము. మూట విప్పితే బొత్తాములు లేని చొక్కాలు, చిరిగిన చీరలు. ఒక వృద్ధురాలు ఒక చీర చేతికి తీసుకొని చూసి, తిరిగి మడిచి మా చేతిలోనే పెట్టింది. “చిరిగింది మా ఇంట్లోనూ ఉండె అయ్యగారూ, అది నీళ్లల్ల పోయింది” అన్నది. ఆమె కోపముగా అనలేదు. అందుకే ఆ మాట మమ్మును ఇంకను విడువలేదు.

పొరుగువాని వస్త్రమును కుదువకు తీసుకొంటే ప్రొద్దు గ్రుంకకముందే తిరిగి ఇవ్వవలెనని నిర్గమకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపిస్తుంది; రాత్రివేళ అతడు కప్పుకొనుటకు అది తప్ప మరేమి లేదు గనుక. ధర్మశాస్త్రము దుప్పటిని దయగా చూడలేదు, పేదవాని హక్కుగా చూసింది. ఇంట పనికిరానిది మూటకట్టి పంపుట దానము కాదు, ఇల్లు శుభ్రము చేసుకొనుటయే. మన బొంతలోను పాత గుడ్డలే ఉంటాయి గదా అని ఎవరైన అడుగవచ్చును. నిజమే, కాని వాటి మధ్య ఒక మనిషి గడిపిన గంటలు ఉంటాయి. తమ బిడ్డకు కప్పదగినదే ఇతరుల బిడ్డకు కుట్టాలి.

మరొక ప్రశ్నయు ఉన్నది. సముద్రములు దాటించి దుప్పటి పంపుట కంటె, అక్కడి నేతగాని యొద్దనే కొని ఇచ్చుట మేలు కాదా? చాలా సందర్భములలో అదే మేలు. మగ్గములున్న మన జిల్లాలలో ఇది మరీ నిజము. అంగడి కూలిన యుద్ధభూమిలో మాత్రము కుట్టిన బొంతకు సాటి లేదు.

ముగింపు

2020 జనవరి 18న, తన శతాబ్ది సంవత్సరములో, మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ ఒక్క రోజున 6,500 కంఫర్టర్లు ముడివేయవలెనని సంఘములను పిలిచింది. రెండు సంవత్సరములకు 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధము విరుచుకుపడినప్పుడు బొంతలు మరల ఆ దేశమునకే వెళ్లాయి. నూరేండ్ల క్రితము వంటశాల తెరిచిన ఖోర్టిట్సా నేడు జపోరిజ్జియా నగరములో భాగము.

ఒకప్పుడు నల్గొండకు కానుక పంపినవారు తరువాత దుప్పటి కొరకు చేయి చాపారు. ఇచ్చు సంఘమని, పుచ్చుకొను సంఘమని శాశ్వతముగా రెండు లేవని ఈ చరిత్ర మనకు బోధిస్తుంది. తెలుగు సంఘము చాలా కాలము పుచ్చుకొనుటకు అలవాటుపడింది. అయితే మన తల్లుల చేతిలో బొంత కుట్టు ఇంకను ఉన్నది. దానిని పేదరికపు గురుతని దాచుకొనక, స్త్రీల సమాజములు పరిచర్యగా చేపట్టాలని, ఆ కుట్టిన చేతులకు తీర్మానపు పుస్తకములోను చోటు ఇవ్వాలని మేము మనవి చేస్తున్నాము.