ఇంటికి రెండో కుక్కను తెచ్చుకుంటున్నారా? ఈ సంగతులు చూడండి

ఇంట్లో ఒక కుక్క ఉంటే రెండేళ్ళకో మూడేళ్ళకో రెండోదాని మాట వస్తుంది. ఆఫీసులకీ స్కూళ్ళకీ అందరం వెళ్ళిపోతే పాపం ఒంటరిగా ఉంటుంది, తోడు కావాలి అంటాం. తోడు కావాలో వద్దో దాన్ని మాత్రం ఎవరం అడగం. ఈ సోఫా, ఈ పెరడు, వంటింటి గుమ్మం దగ్గర పడుకునే చోటు అన్నీ తనవే అనుకున్న కుక్కకి, కొత్తగా వచ్చింది చుట్టంలా కనిపించదు.

ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. మా బ్రూనో ఆరేళ్ళ లాబ్రడార్. షెల్టర్ నుంచి ఏడాదిన్నర చిట్టిని తెచ్చి, కారు దింపి నేరుగా ఇంట్లోకి వదిలేశాం. మొదటి రోజు రెండూ తోకలు ఊపుకుంటూ తిరిగితే ఫొటోలు తీసి ఇండియాకి కూడా పంపాను. నాలుగో రోజు చపాతీలు కాలుస్తుంటే ఒక ముక్క కింద పడింది. రెండూ ఒకేసారి దూకాయి. మా పాప మధ్యలో చెయ్యి పెట్టింది. పన్ను గీరుకుపోయింది, అంతటితో పోయింది. సబ్బుతో పావుగంట కడిగి డాక్టరుకి చూపించాం. ఆ రాత్రి మా వారు "దీన్ని తిరిగి ఇచ్చేద్దాం" అన్నారు. రెండు రోజులు ఆలోచించి, ఇవ్వకుండా అంతా మొదటి నుంచి మొదలుపెట్టాం.

ముందు ఎంపిక గురించి. ఒక మగ, ఒక ఆడ అయితే సాధారణంగా సర్దుకోవడం తేలిక. రెండూ ఆడవైతే గొడవలు ఎక్కువని, ముదిరితే తగ్గడం కష్టమని వెట్లు చెబుతారు. అన్నిసార్లూ అలాగే జరగాలని లేదు. మీ కుక్క పెద్దదై కీళ్ళ నొప్పులతో ఉంటే, ముద్దుగా ఉందని మూడు నెలల పిల్లను తేవద్దు. పిల్లకి ఎదుటి కుక్క విసుగు అర్థం కాదు, ముసలిదానికి పారిపోయే ఓపిక ఉండదు. కొత్తదాన్ని కలిపేముందు వెట్‌కి చూపించి టీకాలు, మలపరీక్ష చేయించండి. పార్వో వైరస్ లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే రాగానే ఒకే గిన్నెలో నీళ్ళు పెట్టకూడదు.

మొదటి పరిచయం ఇంట్లో వద్దు, పెరట్లో కూడా వద్దు. ఇద్దరికీ సంబంధం లేని వీధిలోనో, ఖాళీగా ఉన్న పార్కులోనో జరగాలి. కుక్కకో పెద్ద మనిషి ఉండాలి. ఎదురెదురుగా తీసుకురాకుండా, మధ్యలో బాగా ఎడం ఉంచి ఒకే దిక్కుగా నడిపించండి. లీష్ వదులుగా ఉండాలి. మనం కంగారుగా బిగించి పట్టుకుంటే ఆ బిగువు కుక్కకీ పాకుతుంది. కాస్త తేలికపడ్డాక దగ్గరికి రానిచ్చి, రెండు మూడు సెకన్లు వాసన చూడనిచ్చి, పిలిచి పక్కకి తీసుకెళ్ళాలి. మేము నాలుగు రోజులు ఇదే చేశాం. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఒకటి పైన, ఒకటి కింద. నేను డిగ్రీలో జువాలజీ చదివాను, కుక్కకి ముక్కే ప్రపంచమని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దాని దుప్పటి దీనికి, దీని దుప్పటి దానికి మార్చి వెయ్యాలని మాత్రం వెట్ చెప్పేదాకా తట్టలేదు.

ఇంట్లోకి వచ్చాక బేబీ గేట్లు, క్రేట్ ఉండాల్సిందే. తిండి వేరు గదుల్లో, తలుపు వేసి పెట్టాలి. తిన్నాక గిన్నెలు తీసేయాలి. ఎముకలు, నమిలే బొమ్మలు కొన్ని వారాలు కనపడకూడదు. మన ఇళ్ళలో గొడవ మొదలయ్యే చోటు వంటిల్లే. వంట చేస్తున్నంతసేపూ గేటు వేసి ఉంచండి. ఆ తర్వాత డోర్‌బెల్ మోగినప్పుడు గుమ్మం దగ్గర, ఇరుకు నడవల్లో జాగ్రత్త. మనం ఇంట్లో లేనప్పుడు రెండింటినీ కలిపి వదలకూడదు.

తోక ఊపితే స్నేహమే అనుకోకండి. ఒళ్ళంతా వదులుగా ఊగుతుంటే మంచిదే. ముందుకాళ్ళు వంచి వెనకభాగం పైకెత్తితే ఆటకి పిలుస్తోంది. ఒళ్ళు బిగుసుకుని, నోరు మూసుకుని, తోక నిటారుగా చిన్నగా కదుపుతూ, కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తుంటే వెంటనే మరో గదిలోకి పిలవండి. గుర్రుమంటే మాత్రం తిట్టవద్దు. అది హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే, తర్వాత హెచ్చరిక లేకుండా కరుస్తుంది. మా బ్రూనో మూడు రోజులుగా గుర్రుమంటూనే ఉన్నాడు. "ఛీ, తప్పు" అని నోరు మూయించింది నేనే.

పోట్లాట జరిగితే మధ్యలో చెయ్యి పెట్టకూడదు, కాలరు పట్టి లాగకూడదు. గట్టి చప్పుడు చెయ్యండి, నీళ్ళు కొట్టండి, దుప్పటి విసరండి, కుర్చీ అడ్డం పెట్టండి. పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి: కుక్కలు గొడవపడితే పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి.

అమెరికాలో షెల్టర్లు 3-3-3 అని ఒక లెక్క చెబుతాయి. 3 రోజులు బెదురు, 3 వారాలు ఇంటి పద్ధతి తెలుసుకోవడం, 3 నెలలకి ఇది నా ఇల్లు అనుకోవడం. ఇది సుమారు లెక్కే. రక్తం వచ్చే గొడవలు మళ్ళీ మళ్ళీ జరిగినా, పాత కుక్క తిండి మానేసి మూలన కూర్చున్నా, ట్రైనర్ చెప్పినట్టు చేసినా మార్పు లేకపోయినా, తిరిగి ఇవ్వడంలో తప్పులేదు. జనం ఏమనుకుంటారని పిల్లలున్న ఇంట్లో పంతానికి పోవద్దు.

అమ్మావాళ్ళ దగ్గరున్న కుక్కను ఇండియా నుంచి తెచ్చి రెండోదిగా పెట్టుకుంటామని కొందరు అడుగుతుంటారు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో సీడీసీ నియమాలు మారాయి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. కుక్కకి కనీసం 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఇండియాలో వేయించిన రేబిస్ టీకాకి సీడీసీ ఒప్పుకున్న ల్యాబ్ రక్తపరీక్ష లేకపోతే, దిగాక 28 రోజుల క్వారంటైన్ ఖర్చు మనమే పెట్టుకోవాలి. టికెట్ కొనేముందు సీడీసీ సైట్ చూసుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఎక్కడి కుక్క అయినా సరే, లీజులో ఎన్ని జంతువులకు అనుమతి ఉందో ముందే చదవండి.

మా ఇంట్లో ఇప్పుడు ఏడాది దాటింది. మధ్యాహ్నం రెండూ ఒకే రగ్గు మీద పడుకుంటాయి. చపాతీలు చేసేటప్పుడు మాత్రం గేటు ఇంకా వేస్తూనే ఉన్నాను.