పత్రరంధ్రాలు: హార్మోన్ల నియంత్రణ

పత్రరంధ్రాలు ఆకుల బాహ్యచర్మంలో ఉండే సూక్ష్మద్వారాలు. కార్బన్ డయాక్సైడ్ లోనికి వెళ్లేదీ, నీటి ఆవిరి బయటికి పోయేదీ ప్రధానంగా వీటి గుండానే. ఇరువైపులా ఉన్న రక్షక కణాలు నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, నీరు కోల్పోతే మూసుకుంటుంది. నీటి ఎద్దడిలో ఈ మూతను నడిపించే ముఖ్య హార్మోన్ అబ్సిసిక్ ఆమ్లం.

తొలి పరిశోధనలు

రక్షక కణాల స్ఫీత పీడనమే రంధ్రాన్ని కదిలిస్తుందని జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూగో ఫాన్ మోల్ 1856లో వివరించాడు. పిండిపదార్థం చక్కెరగా మారడం వల్లే ఆ పీడనం పెరుగుతుందని 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో భావించారు. 1943లో జపాన్‌లో ఇమామురా పొటాషియం పాత్రను గుర్తించినా, 1968లో ఫిషర్ ప్రయోగాల తర్వాతే దానికి విస్తృత ఆమోదం లభించింది.

హార్మోన్ గుర్తింపు

అబ్సిసిక్ ఆమ్లం నీటితో సంబంధం లేని అన్వేషణల్లో దొరికింది. పత్తి కాయలు ఎందుకు రాలుతాయో పరిశీలిస్తున్న కాలిఫోర్నియాలోని ఆడికాట్ బృందం 1963లో దాన్ని వేరుచేసింది. బ్రిటన్‌లో వేరింగ్ బృందం మొగ్గల సుప్తావస్థను పరిశోధిస్తూ సికమోర్ ఆకుల్లో 'డార్మిన్'ను కనుగొంది. రెండూ ఒకే పదార్థమని 1965లో కార్న్‌ఫోర్త్ నిరూపించాడు. కాయలు రాలడంలో ఇథిలీన్‌దే పెద్ద పాత్ర అని తర్వాత తేలింది.

వడలిన గోధుమ ఆకుల్లో ఈ హార్మోన్ అనేక రెట్లు పెరుగుతుందని 1969లో రైట్, హైరన్ చూపారు. దాన్ని అందించిన ఆకుల్లో రంధ్రాలు మూసుకున్నాయని అదే ఏడాది మిటెల్‌హాయ్‌జర్, వాన్ స్టీవెనింక్ నివేదించారు. ఎప్పుడూ వడలిపోయే 'ఫ్లాకా' టమాటా మొక్కలో ఈ హార్మోన్ కొరత ఉందనీ, బయటి నుంచి అందిస్తే రంధ్రాలు మూసుకుంటాయనీ 1970లో తాల్, ఇంబర్ కనుగొన్నారు.

కణంలో సంకేత ప్రసారం

హార్మోన్ సోకాక రక్షక కణంలో కాల్షియం పెరిగి, ఆ తర్వాతే రంధ్రం మూసుకుంటుందని 1990లో మెకాయిన్ష్, బ్రౌన్‌లీ, హెథరింగ్టన్ చూపారు. గ్రాహక ప్రోటీన్లను 2009లో కట్లర్, గ్రిల్ బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. హార్మోన్ అతుక్కున్న గ్రాహకం కొన్ని ఫాస్ఫటేజ్ ఎంజైములను అణచివేస్తుంది. దాంతో విడుదలైన కైనేజ్ ఎంజైములు రుణ అయాన్ల మార్గాలను తెరుస్తాయి. పొటాషియం, దాని వెంట నీరు బయటికి పోతాయి. ఈ పరిణామాలను సమీక్షిస్తూ హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఎస్. రాఘవేంద్ర 2010లో గ్రిల్ తదితరులతో కలిసి ప్రసిద్ధ వ్యాసం వెలువరించారు.

ఇతర హార్మోన్లు

సైటోకైనిన్లు, ఆక్సిన్లు సాధారణంగా రంధ్రాలు తెరుచుకోవడానికి తోడ్పడతాయి. బాక్టీరియా సోకినప్పుడు మొక్క రంధ్రాలను మూసుకుంటుందనీ, అందులో సాలిసిలిక్ ఆమ్లానికి పాత్ర ఉందనీ 2006లో అమెరికాలో మెలోటో, హే బృందం వెల్లడించింది. కొన్ని సూడోమొనాస్ బాక్టీరియాలు జాస్మోనేట్ హార్మోన్‌ను పోలిన కొరోనటిన్‌ను విడుదల చేసి, మూసిన రంధ్రాలను మళ్లీ తెరిపించి ఆకులోకి చొరబడతాయి.