గుడియాత్తం గంగమ్మ శిరస్సు జాతర

తమిళనాడులోని వేలూరు జిల్లా గుడియాత్తంలో ఏటా తమిళ వైకాశి మాసం మొదటి రోజున, అంటే మే నెల నడుమ, జరిగే అమ్మవారి ఊరేగింపు ఇది. ఊరు కౌండిన్య నది ఒడ్డున ఉంది. చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టిన ఈ నది పాలారులో కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ కొండలూ ఈ ఊరూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే కాబట్టి, తెలుగువాళ్ళకు ఇది పొరుగు జాతర కాదు, తమదే.

తమిళులు కెంగై అమ్మన్ అని పిలిచే ఈ దేవత పేరు గంగమ్మదే అయినా కథ రేణుకది. తిరుపతి గంగమ్మ జాతర కూడా మే నెలలోనే వస్తుంది గానీ, అక్కడి కథ వేరు. మహాభారతంలో తండ్రి జమదగ్ని ఆజ్ఞపై పరశురాముడు తల్లి రేణుక తల నరికి, వరంగా ఆమెను తిరిగి బతికించుకుంటాడు. జానపదులు అంతటితో ఆగలేదు. తొందరలో రేణుక తలను మరో స్త్రీ మొండేనికి అతికించాడన్నారు. ఆ స్త్రీ అంటరాని కులానిది కావడమే కథకు ఆయువుపట్టు.

గుడియాత్తంలో ఈ ఘట్టాన్ని చెప్పరు, చేసి చూపిస్తారు. అలంకరించిన శిరస్సు తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి బయలుదేరుతుంది. పంబలు మోగుతాయి, పులివేషాలు ఆడతాయి, దారి పొడవునా కొబ్బరికాయలు పగులుతాయి. గోపాలపురం గంగమ్మ గుడిలో చండాళచ్చి అని పిలిచే దేహం మీద ఆ తలను నిలుపుతారు. అప్పుడే దర్శనం. రాత్రికి శిరస్సును మళ్ళీ దించి రజకుల రేవుకు తీసుకెళతారు. ఇందులో నటులు లేరు. మోసేవాళ్ళు, మొక్కేవాళ్ళు, కాయలు కొట్టేవాళ్ళే పాత్రధారులు.

ఇదే కథ తెలంగాణలో తీగ మీద నడుస్తుంది. అక్కడ ఎల్లమ్మగా కొలిచే రేణుక కథ చెప్పే బైండ్లవాళ్ళ వాద్యం జమిడిక. గొట్టం లాంటి బుర్రకు ఒక పక్క తోలు మూస్తారు. తోలు మధ్య నుంచి వచ్చే తీగను చేత్తో లాగి పట్టి మీటుతారు. లాగుడు బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఏడుపునూ కోపాన్నీ ఆ ఒక్క తీగే పలికిస్తుంటే, కథకుడు తల్లిగా, కొడుకుగా, ఋషిగా మారుతుంటాడు. కర్ణాటకలోని సౌందత్తి ఎల్లమ్మ భక్తులైన జోగతుల చేతిలో దీని తోబుట్టువు చౌడికె. పరశురాముడు ఒక రాక్షసుణ్ణి చంపి, తలను బుర్రగా, నరాలను తీగగా చేసి తల్లికి వినిపించాడని వాళ్ళు చెబుతారు. అంటే వాద్యం కూడా కథలోంచి పుట్టిందే.

గ్రీకుల ఆర్ఫియస్ కథలోనూ తెగిన తల, తీగల వాద్యం జంటగానే కనిపిస్తాయి: అతని తల, లైర్ హెబ్రస్ నదిలో తేలుతూ లెస్బోస్ దీవికి చేరాయట. ఈ రెండు కథలకూ చుట్టరికం కట్టడం తొందరపాటే. ఆర్ఫియస్ తలకు మళ్ళీ దేహం దొరకలేదు. రేణుక తలకు దొరికింది, అదీ వేరొకరిది.