ఒక బల్ల మీద రెండు పరీక్షలు

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు వినబడే వీధులు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. 2025 నవంబరులో అటువంటి ఒక ఇంట కూర్చున్నప్పుడు చూసిన దృశ్యమే ఈ వ్యాసానికి కారణం.

ఇంటిపెద్ద సిరిసిల్ల దగ్గరి పల్లె నుండి వచ్చి నలభై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసిన మనిషి. ఫోనులో అవతల అమెరికాలో ఉన్న కొడుకు. అతడు పౌరసత్వ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. ఇంగ్లీషు ప్రశ్నలను కూతురు తెలుగు లిపిలో రాసిపెడితే, తండ్రి వాటిని ఒక్కొక్కటిగా చదువుతున్నాడు. దేశానికి అత్యున్నత చట్టం ఏది అన్న ప్రశ్నకు కొడుకు రాజ్యాంగమని చెప్పాడు. “మంచిగ చెప్పినవు బిడ్డా, ఇగ ఇంకోటి” అన్నాడు తండ్రి. అదే బల్ల మీద మరో కాగితం ఉంది. అది ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ కోసం బూత్ స్థాయి అధికారి ఇచ్చి వెళ్లిన గణన పత్రం. దానిని చూపించి ఆయన నాతో అన్న మాట ఇది: “వానికి ఏమడుగుతరో ముందే తెలుసు సారూ. మాకే తెల్వదు.”

ఆ మాటలో ఒక శతాబ్దపు చరిత్ర ఉంది. వలస వచ్చినవాడి జ్ఞానాన్ని రాజ్యం పరీక్షించడం ఎక్కడ మొదలైందో వెతికితే, దారి చిత్రంగా సూరత్‌కూ తెలుగువారికీ కూడా చేరుతుంది.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నేటాల్ వలసరాజ్యపు చెరకు తోటలకు ఒప్పంద కూలీలను మోసుకెళ్లిన తొలి ఓడ అది. తరువాతి దశాబ్దాలలో అదే మార్గంలో వెళ్లిన వేలాది కూలీలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారి వెనుకనే, సొంత ఖర్చుతో టిక్కెట్టు కొనుక్కొని, గుజరాతీ వర్తకులు వచ్చారు. సూరత్ పరిసరాలలోని రాందేర్, కఠోర్ వంటి ఊళ్ల వ్యాపారులు వారిలో ప్రముఖులు. కూలీ కాని భారతీయుడు దుకాణం తెరిచి తెల్లవాడితో పోటీ పడడం నేటాల్ పాలకులకు మింగుడుపడలేదు. 1896 డిసెంబరులో వచ్చిన కూర్లాండ్, నాదిరి ఓడల ప్రయాణికులను వారాల తరబడి దిగనివ్వలేదు. 1897 జనవరి 13న ఒడ్డుకు దిగిన మోహన్‌దాస్ గాంధీ మీద గుంపు దాడి చేసింది.

ఆ సంవత్సరమే నేటాల్ వలస నియంత్రణ చట్టం వచ్చింది. అందులో భారతీయుడు అన్న మాట లేదు, రంగు ప్రస్తావన లేదు. వలస వచ్చే వ్యక్తి ఏదైనా యూరపు భాషా లిపిలో, నిర్ణీత నమూనాలో, దరఖాస్తును స్వయంగా రాసి సంతకం చేయాలని మాత్రమే ఉంది. గుజరాతీలో వేల రూపాయల పద్దులు రాయగల సూరత్ వర్తకుడు ఆ ఒక్క నిబంధనతో నిరక్షరాస్యుడయ్యాడు. ఒప్పందం మీద వచ్చే కూలీకి మాత్రం ఈ పరీక్ష వర్తించదు. తెలుగు కూలీ ఏ అక్షరమూ రాకపోయినా చెరకు నరకడానికి అర్హుడే. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోదామనుకుంటేనే అతడి మీద మూడు పౌండ్ల వార్షిక పన్ను పడేది. ఆ పన్నుకు 1895లోనే చట్టం చేశారు. శ్రమకు పరీక్ష అక్కరలేదు. సమానత్వం అడిగినప్పుడే పరీక్ష పుట్టింది.

ఈ ఉపాయం బ్రిటిష్ వలస వ్యవహారాల మంత్రి జోసెఫ్ ఛేంబర్లెయిన్‌కు ఎంతో నచ్చింది. సామ్రాజ్యపు పరువు పోకుండా గోధుమ, పసుపు వర్ణాల వారిని ఆపగల మార్గంగా దానిని ఇతర వలసరాజ్యాల ప్రధానులకు సిఫారసు చేశాడు. 1901లో ఆస్ట్రేలియా దానికి మరింత పదును పెట్టింది. అధికారి ఏదో ఒక యూరపు భాషలో యాభై మాటలు చదువుతాడు, వచ్చినవాడు రాయాలి. భాషను ఎంచుకునేది అధికారే. 1934లో చెకొస్లొవాకియా రచయిత ఎగాన్ కిష్‌కు అనేక భాషలు వచ్చునని తెలిసి, అతడికి స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. కేసు కోర్టుకెక్కి ప్రభుత్వం నవ్వులపాలైంది. అయినా ఆ పరీక్ష 1958 వరకు బతికింది.

అమెరికా దారి కొంత వేరు. అక్కడ భారతీయుడికి పరీక్ష రాసే అవకాశమే చాలాకాలం లేదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు, భారతీయులు శ్వేతజాతీయులు కారనీ, కనుక పౌరసత్వానికి అనర్హులనీ తీర్పు చెప్పింది. థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆ సేవ కూడా అక్కరకు రాలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరింది ఇంచుమించు ఆ కాలంలోనే. కణంలో శక్తిని మోసే ఏటీపీని గుర్తించడంలోనూ, ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయడంలోనూ, బోదకాలుకు మందు కనుగొనడంలోనూ భాగం ఉన్న ఆ శాస్త్రవేత్త ఆ దేశంలో విదేశీయుడిగానే పరిశోధన సాగించాడు. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరిచింది. ఏడాదికి 100 మందికి వలస కోటా ఇచ్చింది. సుబ్బారావు 1948 ఆగస్టులో, పౌరుడు కాకుండానే, కన్నుమూశాడు. ఏ ప్రశ్నాపత్రం ఆయన జ్ఞానాన్ని కొలవగలిగేది?

నేటి అమెరికా పరీక్షను ఈ నేపథ్యంలో చూడాలి. 2008 నాటి విధానంలో 100 ప్రశ్నల జాబితా నుండి పది అడిగేవారు, ఆరింటికి జవాబు చెబితే చాలు. 2025 అక్టోబరు 20 నుండి దరఖాస్తు చేసినవారికి జాబితా 128 ప్రశ్నలకు పెరిగింది. ఇరవై అడుగుతారు, పన్నెండు సరిగా చెప్పాలి. కష్టం పెరిగిన మాట నిజమే. ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం కూడా చూస్తారు. అయితే యాభై ఏళ్లు నిండి, ఇరవై ఏళ్లుగా శాశ్వత నివాసిగా ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష మినహాయింపు ఉంది. తమ భాషలో, అంటే తెలుగులో కూడా, దుబాసీ సాయంతో జవాబు చెప్పవచ్చు. తప్పితే మరో అవకాశం ఇస్తారు. అన్నింటికన్నా ముఖ్యం, ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే ముందుగా ప్రచురిస్తుంది. నేటాల్ పరీక్షను తప్పించడం కోసం తయారు చేశారు. ఈ పరీక్షకు ఎన్ని లోపాలున్నా, చదివినవాడు నెగ్గే వీలు ఉంది.

ఇక మన దేశం ఏం చేసింది? 1935 చట్టం కింద ఓటుకు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉండేవి. 1951 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత 18.33 శాతం మాత్రమే. చదువు వచ్చేదాకా ఓటు ఆపుదామని వాదించడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. రాజ్యాంగ సభ ఆ సాకును తిరస్కరించింది. 326వ అధికరణం ద్వారా వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. వేలిముద్ర వేసే నేతకార్మికుడూ న్యాయవాదీ ఒకే వరుసలో నిలబడ్డారు. నేటాల్‌లో మన వర్తకుడి మీద, కూలీ మీద ప్రయోగించిన ఆయుధాన్ని మన పౌరుడి మీద మనం ఎత్తబోమన్న ప్రతిజ్ఞగా నేను దానిని చదువుకుంటాను.

విదేశీయుడికి పౌరసత్వం ఇచ్చే విషయంలోనూ మన చట్టం ఉదారంగా ఒక మాట అంది. 1955 పౌరసత్వ చట్టం మూడవ షెడ్యూలు, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏదో ఒక భాషలో తగినంత పరిజ్ఞానం చాలంటుంది. నాడు ఆ షెడ్యూలులో 14 భాషలు, నేడు 22. సూరత్‌లో స్థిరపడే విదేశీయుడు గుజరాతీ రాకపోయినా తెలుగు నేర్చుకుంటే ఆ అర్హత తీరుతుంది. ఒకే భాష, ఒకే దేశం అనేవారు ఈ ఒక్క వాక్యాన్ని తీరికగా చదవాలి.

అటువంటి దేశంలో లింబాయత్‌లోని ఆ తండ్రి ఎందుకు కలవరపడాలి? గుజరాత్ సహా పన్నెండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో 2025 నవంబరు 4న మొదలైన సవరణ ప్రక్రియ, రెండు దశాబ్దాల కిందటి సవరణ జాబితాను కొలబద్దగా పెట్టింది. అందులో తన పేరో తల్లిదండ్రుల పేరో చూపగలిగితే చిక్కులేదు. చూపలేనివారు, నోటీసు వస్తే, పత్రాలతో రుజువు చేసుకోవాలి. సొంతూళ్లో ఉన్నవాడికి ఇది ఒక పూట పని. మగ్గం ఎక్కడుంటే అక్కడికి కాపురం మార్చినవాడి పేరు ఆనాడు పల్లెలో ఉందా, సూరత్‌లో ఉందా, ఇంటిపేరు ఏ అక్షరాలతో అచ్చయింది అన్నవి తేలిక ప్రశ్నలు కావు. ఓటర్ల జాబితా తప్పుల్లేకుండా ఉండాలనడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. మరణించినవారి పేర్లు, రెండుచోట్ల ఉన్న పేర్లు తీసేయవలసిందే. కానీ ఓటరుగా ఇప్పటికే నమోదైనవారిని పౌరులుగానే భావించి ముందుకు సాగాలని, తొలగించదలిస్తే సహజ న్యాయాన్ని పాటించాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది.

పరీక్ష పెట్టే హక్కు రాజ్యానికి ఉందనుకుందాం. ఆ పరీక్ష న్యాయమైనదా కాదా తేల్చడానికి చరిత్ర మూడు ప్రశ్నలు మన చేతికిచ్చింది. ఏమడుగుతారో ముందే చెప్పారా? పేదవాడు కూడా సిద్ధం కాగలడా? తప్పితే మళ్లీ అవకాశం ఉందా? నేటాల్, ఆస్ట్రేలియా మూడింటిలోనూ తప్పాయి. మన ఎన్నికల యంత్రాంగం తప్పకూడదు. వలస కార్మికుడికి అతడి భాషలో, అతడి పనివేళలు చూసి, ఇంటి గుమ్మం దగ్గర సమాధానం చెప్పవలసిన బాధ్యత అడిగేవాడిదే.

నేను బయలుదేరే వేళకు కొడుకు ఇరవైలో పదిహేడు చెప్పాడు. తండ్రి కళ్లద్దాలు సర్దుకొని ప్రశ్నల కట్టను పక్కన పెట్టి, రెండో కాగితాన్ని దగ్గరకు లాక్కున్నాడు.