బీగిల్ నౌకలో ఒక సొరుగు స్థానం

చార్లెస్ డార్విన్ పేరు వినగానే మనకు గలాపగోస్ ద్వీపాలు, అచటి తాబేళ్లు, పిట్టలు స్ఫురిస్తాయి. ఐదేళ్ల ఆ యాత్రలో ఆయన ఎక్కడ కూర్చుని వ్రాసుకున్నాడు, ఎక్కడ నిద్రించాడు అన్నది అల్ప విషయంగా తోచవచ్చును. కాని ఆ విద్య సాగడానికి ఆధారమైనది ఆ కాస్త చోటే.

బీగిల్ 1820లో ఇంగ్లండులోని వులిచ్ వద్ద జలప్రవేశం చేసిన తెరచాపల ఓడ. పొడవు సుమారు 90 అడుగులు. 1831 డిసెంబరు 27న ప్లిమత్ నుండి బయలుదేరినపుడు అందులో డెబ్బైమందికి పైగా ఉన్నారు. దక్షిణ అమెరికా తీరాలను కొలిచి పటాలు గీయడం ఆ యాత్రకు ప్రధాన కార్యం. కాలాన్ని నిక్కచ్చిగా చూపే 22 గడియారాలను అందుకే వెంట తీసుకువెళ్లారు.

ఓడ వెనుకభాగంలో పది పదకొండు అడుగుల గది ఒకటి. దాని నట్టనడుమ పటాలు గీసే పెద్ద బల్ల. జాన్ లార్ట్ స్టోక్స్ అనే సర్వే అధికారి దానిపై పనిచేసేవాడు. ఓడ బయలుదేరినదే పటాల కోసం గనుక ఆ బల్లను కురచ చేయడానికి వీలులేదు. ఇరవైరెండేళ్ల డార్విన్‌కు దక్కినది ఆ బల్ల చివర ఇరుకు చోటు. వ్రాత, దుస్తుల మార్పు, నిద్ర అన్నీ అక్కడే.

ఇక పడక మాట. రెండు కొసలా త్రాళ్లతో కట్టే గుడ్డ ఊయలే నావికుల పడక. డార్విన్ ఇంచుమించు ఆరడుగుల మనిషి. ఊయల సాగదీసి కట్టడానికి గది నిడివి చాలలేదు. గది మూలన క్రిందినుండి పైకప్పు దాకా చిన్న సొరుగుల వరుస ఉండేది. ఆయన బట్టలకు ఉన్న చోటు అదే. పై సొరుగును ఊడదీసి, ఆ ఖాళీలోనికి ఊయల కాళ్లవైపు త్రాళ్లను చొప్పించి కట్టేవారు. ఈ సంగతిని సహయాత్రికుడైన సలివన్ అనంతరకాలంలో తెలిపినాడు.

వ్యాకరణంలో ఆగమం మిత్రునివలె ప్రక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువువలె ఉన్నదానిని తొలగించి ఆ స్థానంలో కూర్చుంటుందనీ పెద్దలంటారు. ఇక్కడ ఊయల సొరుగుకు ఆదేశమైనది. అయితే ఈ శత్రుత్వం ఊయల దించేవరకే!

సముద్రం పోటెత్తినపుడు డార్విన్‌కు వికారం దుస్సహమయ్యేది. సూక్ష్మదర్శిని వద్దనుండి లేచి కొంతసేపు పడుకొని, తేరుకొని, మరల పనికి కూర్చునేవాడు. సేకరించిన నమూనాలకు ఓడ ముందుభాగంలో మరొక చిన్న గది ఇచ్చారు. ఈ గదిలో ఏ వస్తువైనా చోటు తప్పితే రెండవవారి పని నిలిచిపోతుంది. తన పనిలోని క్రమబద్ధతకు ఆ ఇరుకులో తప్పనిసరియైన పొందికే తోడ్పడినదని డార్విన్ చెప్పేవాడని ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ వ్రాసినాడు.

1836 అక్టోబరు 2న ఓడ ఫాల్మత్ చేరింది. ఒకే బల్లపై ఒక వైపు తీరరేఖలు, మరొక వైపు జీవరాశుల వివరాలు సిద్ధమైనవి. బల్లను కోయలేదు, గదిని పెంచలేదు. ఒక సొరుగు ప్రతిరాత్రి తన చోటు విడిచి ఇచ్చింది.