బాక్టీరియాలో పరాయి హీమ్ ప్రొటీన్ల ఉత్పత్తి: చారిత్రక పరిశీలన

రక్తం ఎరుపుకు హీమోగ్లోబిన్ కారణమని చెప్పడం పరిపాటి. నిజానికి ఆ రంగు ప్రొటీన్ గొలుసుది కాదు. గొలుసు మడతల్లో ఒదిగి, నడుమ ఇనుమును నిలుపుకొన్న హీమ్‌ది. గొలుసును జన్యువు నేరుగా నిర్దేశిస్తుంది. హీమ్‌కు అటువంటి జన్యువు లేదు. పలు ఎంజైములు దానిని అంచెలంచెలుగా నిర్మిస్తాయి. జన్యు సాంకేతికత చరిత్రను రాసినవారు గొలుసుకిచ్చిన ప్రాధాన్యాన్ని హీమ్‌కు ఇవ్వలేదు. అసలు చిక్కు మాత్రం అక్కడే ఉంది.

1984లో కేంబ్రిడ్జ్‌లో కియోషి నగాయ్, హాన్స్ క్రిస్టియన్ థోగెర్సన్ మానవ బీటా గ్లోబిన్‌ను ఒక వైరస్ ప్రొటీన్ ముక్కతో జతచేసి ఇ. కోలై బాక్టీరియాలో తయారుచేశారు. రక్తం గడ్డకట్టడంలో పాల్గొనే ఫ్యాక్టర్ టెన్-ఎ అనే ఎంజైముతో ఆ జతను కోరిన చోటనే తెంచారు. అయితే హీమ్‌ను, మానవ రక్తం నుంచి తీసిన ఆల్ఫా గొలుసులను పరీక్షనాళికలో విడిగా చేర్చవలసివచ్చింది. బాక్టీరియా చేసింది సగం పనే. అయినా ఫలితం చిన్నది కాదు. అంతవరకు హీమోగ్లోబిన్‌లోని మార్పుల అధ్యయనం ప్రధానంగా రోగుల రక్తంలో దొరికిన రకాలపై ఆధారపడింది. 1985లో నగాయ్, మాక్స్ పెరూట్జ్, క్లాడ్ ప్వయార్ తాము ఎంచుకొన్న స్థానంలో అమైనో ఆమ్లాన్ని మార్చి, ఆక్సిజన్ బంధం ఎలా మారుతుందో కొలిచారు.

1987లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బ్యారీ స్ప్రింగర్, స్టీఫెన్ స్లైగర్ స్పెర్మ్ తిమింగలపు మయోగ్లోబిన్ జన్యువును కృత్రిమంగా కూర్చి ఇ. కోలైలో ప్రవేశపెట్టారు. ఈసారి హీమ్‌ను బాక్టీరియాయే సమకూర్చింది. 1990లో రెండు రకాల గ్లోబిన్ గొలుసులూ ఒకే కణంలో తయారై, హీమ్‌తో కలిసి పూర్తి హీమోగ్లోబిన్‌గా ఏర్పడ్డాయి. కృత్రిమ రక్తంపై ఆశలు చిగురించాయి. సోమాటోజెన్ సంస్థ అణువు రెండుగా విడిపోకుండా ఆల్ఫా గొలుసులను కలిపివేసింది. మానవులపై పరీక్షలు జరిగాయి గాని, ఎర్రకణం వెలుపలి హీమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను హరించి రక్తపోటును పెంచుతుండడంతో అది మందుగా నిలవలేదు.

హీమ్ కొరత మాత్రం ప్రయోగశాలల్లో కొనసాగింది. గొలుసులు విస్తారంగా తయారైనప్పుడు కణంలోని హీమ్ చాలదు. అందుకే హీమ్‌కు తొలి ముడిసరుకైన అమైనో లెవులినిక్ ఆమ్లాన్ని పోషక ద్రవంలో కలపడం వాడుకలోకి వచ్చింది. సిద్ధంగా ఉన్న హీమ్‌నే అందిద్దామంటే, సాధారణ ప్రయోగశాల ఇ. కోలైకి దానిని లోనికి తీసుకొనే ద్వారం లేదు. రోగకారక ఇ. కోలై జాతులకు ఉంది. అతిథేయి శరీరంలోని హీమ్‌ను అవి దాని ద్వారానే గ్రహిస్తాయి. ఆ ద్వారపు జన్యువునే తరువాతి పరిశోధకులు ప్రయోగశాల జాతులకు అరువిచ్చారు.