క్రిమినాలజీకి ఏ కాలేజీ? ముందు స్టువర్టుపురం సంగతి



డిగ్రీ ఆఖరి సంవత్సరం వాళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు, క్రిమినాలజీ చదవాలంటే ఏ కాలేజీ మంచిది అని. మా హాస్టల్లోనూ ఇదే చర్చ. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందుకని మాకు తెలిసినంత కింద రాశాం. కానీ కాలేజీ పేర్లకంటే ముందు ఒకటి తెలియాలి. ఈ దేశంలో నేరం గురించిన చదువు మొదలైనప్పుడు మనవాళ్లు క్లాసులో లేరు, పుస్తకాల్లో ఉన్నారు. అదీ నేరస్తులుగా.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. మొదట ఉత్తర భారతంలో. ఒక తెగ మొత్తాన్ని నేరస్తుల తెగ అని గెజిట్‌లో ప్రకటిస్తే సరిపోయేది, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ అనడానికి వీల్లేదు. ఎవరు ఏం చేశారన్నది కాదు, ఎవరికి పుట్టారన్నదే లెక్క. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా అమలు పెట్టారు. మన కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు కిందే కదా. ఇక రిజిస్టర్లో పేరు, వేలిముద్రలు, చెప్పిన వేళకి హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే స్కూళ్లలో పెట్టే అధికారం కూడా అందులో ఉంది. హాస్టల్లో ఉండి చదువుకునే మాకు ఆ ఒక్క నిబంధన దగ్గర చదవడం ఆగిపోయింది.

ఎరుకలవాళ్ల సంగతే తీసుకోండి. బుట్టలు అల్లడం, ఆడవాళ్లు ఎరుక చెప్పడం అందరికీ తెలుసు. పశువుల మీద కోస్తా నుంచి ఉప్పు వేసుకుని లోపలి ఊళ్లకు పోయి, ధాన్యానికి మార్చుకుని తిరిగే వ్యాపారులు వాళ్లని మాత్రం ఎక్కువమందికి తెలీదు. రైలు వచ్చింది, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, బతుకుతెరువు పోయింది. 1876-78 కరువు దానికి తోడు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ అనే పుస్తకంలో ఇదంతా వివరంగా రాశారు. లంబాడీల ఎడ్ల వ్యాపారం కూడా దాదాపు ఇలాగే దెబ్బతింది. తిరిగి తిరిగి సరుకు అమ్మినవాళ్లు సరుకు పోయాక ఒట్టి తిరిగేవాళ్లయ్యారు. తిరిగేవాళ్లంటే పోలీసులకి అనుమానం. 1892లోనే ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు ప్రెసిడెన్సీలోని ‘నేర వర్గాల’ మీద పుస్తకం వేశాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఇటలీలో లాంబ్రోసో పుట్టు నేరస్తుడి శరీరం వేరుగా ఉంటుందని 1876లో రాసిన కాలం అది. క్రిమినాలజీ మొదటి సెమిస్టర్‌లో ఆయన పేరు వస్తుంది. థర్‌స్టన్ పేరు రాకపోవచ్చు.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పెట్టారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. ఆ సంస్థని ఇండియాలో నడిపించిన బూత్ టక్కర్ తన పద్ధతికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరే పెట్టుకున్నాడు, అంటే నేరాన్ని జబ్బులాగా నయం చేసే విద్య అన్నమాట. సెటిల్‌మెంట్ జనాన్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీ పనికి పంపారు. అనుమతి లేకుండా కదలలేని కూలీ దొరికితే ఫ్యాక్టరీకి ఎంత లాభమో మీరే లెక్కేసుకోండి. చదువు చెప్పారు, పొలం ఇచ్చారు అనేవాళ్లున్నారు, అదీ అబద్ధం కాదు. కానీ తలుపు బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. ఇప్పటికీ సినిమావాళ్లకి ఆ ఊరంటే దొంగల కథే. 1991లో చిరంజీవి సినిమా, 2023లో రవితేజ సినిమా.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో తీసేసింది. దేశమంతా పోయింది 1952 ఆగస్టు 31న. దానికి ముందు కేంద్రం వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతం వాడే, అనంతశయనం అయ్యంగార్. అయితే 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్తుల చట్టం వచ్చేసింది. కాగితం మీద తెగ పేరు పోయి మనిషి పేరు వచ్చింది, స్టేషన్లో చూసే చూపు మారలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించే నిబంధనల్ని కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. విముక్త జాతుల్ని అలవాటు నేరస్తులుగా చూడటాన్ని కూడా తప్పుపట్టింది. చట్టం పోయిన 72 ఏళ్లకి!

ఇక కాలేజీలు. మధ్యప్రదేశ్‌లోని సాగర్ యూనివర్సిటీలో క్రిమినాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ విభాగం 1959 నుంచి ఉంది, ఇప్పుడది సెంట్రల్ యూనివర్సిటీ. మద్రాసు యూనివర్సిటీలోనూ, తిరునెల్వేలిలోని మనోన్మణియం సుందరనార్ యూనివర్సిటీలోనూ క్రిమినాలజీ విభాగాలున్నాయి. ఢిల్లీలో 1972లో పెట్టిన క్రిమినాలజీ సంస్థ ఇప్పుడు నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ క్యాంపస్. ముంబై టిస్ 1936లో సోషల్ వర్క్ స్కూల్‌గా మొదలైంది, అక్కడ ఈ సబ్జెక్టుని పోలీసు వైపు నుంచి కాకుండా జైల్లో ఉన్న మనిషి వైపు నుంచి చెప్పే సంప్రదాయం ఉంది. వాళ్ల ‘ప్రయాస్’ ప్రాజెక్టు 1990 నుంచి ఖైదీలతో పనిచేస్తోంది. ఖర్చు కుదిరితే మా ఓటు దానికే.

ఒక మాట, ఫోరెన్సిక్ సైన్స్ వేరు, క్రిమినాలజీ వేరు. మొదటిదానికి సైన్స్ డిగ్రీ కావాలి. రెండోదానికి చాలాచోట్ల ఆర్ట్స్ వాళ్లు కూడా వెళ్లొచ్చు, అయినా నోటిఫికేషన్లో అర్హత చూసుకోండి. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎస్టీ రిజర్వేషన్ 7.5 శాతం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు. రాష్ట్రం బయట సీటు వస్తే ఆ డబ్బు ఎవరు వేస్తారు, ఎప్పుడు పడుతుంది అని ఫీజు కట్టకముందే సంక్షేమ శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

ఇంకోటి, కౌన్సెలింగ్‌కి ముందు సిలబస్ డౌన్‌లోడ్ చేసి 1871 చట్టం ఏ యూనిట్‌లో ఉందో వెతకండి. లేకపోతే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి ఎందుకు లేదో అడగండి. వాళ్లిచ్చిన జవాబు ఇక్కడ కింద పెట్టండి, వచ్చే ఏడాది జూనియర్లకి పనికొస్తుంది.